ఆశ్రయపు హక్కుతో సహా గడీ అమ్మబడును

బయటివాడు లోపలికి రాకూడదని కట్టుకున్న ఇంటిని గడీ అంటారు. లోపలివాడు బయటికి పోకుండా చూసుకోవాలన్న సంగతి మాత్రం ఆ కాలపు మేస్త్రీలకు తోచలేదు. ఆ లోపాన్ని ఆరువందల ఏళ్ల తరువాత మా ఫ్రెంచి రిపబ్లిక్ సవరించింది. అందుకు ఒక్క రాయి కూడా వాడలేదు. కాగితాలతోనే పని పూర్తి చేసింది.

మా లా వెర్నూజ్ గడీ మోర్వాన్ కొండల అంచున ఉంది. చదరపు బురుజు ఒకటి, గుండ్రటి బురుజులు రెండు, చుట్టూ కందకం, కందకంలో కప్పలు. ఇది తన చరిత్రలో మూడు ముట్టడులను, ఒక అగ్నిప్రమాదాన్ని, ఒక వేసవి శిబిరాన్ని తట్టుకుంది. మేము కొన్నప్పుడు పైకప్పు ఉండవలసిన చోట ఆకాశమూ, హాలు ఉండవలసిన చోట ఒక పెద్ద చెట్టూ ఉండేవి. నేను ఊరి బడిలో పిల్లలకు భాగహారం నేర్పుతూ ఉండగా, ఇరవై ఆరేళ్లలో నా భార్య సొలాంజ్ ఆ గడీని ఒక్కొక్క రాయిగా మళ్లీ నిలబెట్టింది. ఆదివారాల్లో నేను సున్నం కలిపేవాణ్ని. సోమవారాల్లో ఆమె దాన్ని పారబోసి మళ్లీ కలిపేది.

సొలాంజ్ ఈ ఏప్రిల్‌లో చనిపోయింది. బురుజుకు అరవై ఒక్క మెట్లున్నాయి, నాకు రెండు మోకాళ్లున్నాయి. చలికాలంలోగా అమ్మేద్దామని నిర్ణయించుకున్నాను. ఈ విషయంలో ఆమె ఆసుపత్రిలోనే ఒక షరతు పెట్టింది. "ఉండేవాళ్లకివ్వు. చూసిపోయేవాళ్లకివ్వకు," అంది. ఆ తరువాత కిటికీ తలుపు సరిగ్గా బిగించలేదని ఆసుపత్రి వడ్రంగిని విమర్శించింది.

కొనడానికి ఇద్దరు ముందుకొచ్చారు. మొదటిది ఒక విహార సంస్థ. వాళ్లు ఇక్కడ 'ముట్టడి వారాంతాలు' నడుపుతారట. అతిథులకు ప్లాస్టిక్ శిరస్త్రాణాలిస్తారు. గోడల మీది నుంచి మరిగే నూనెకు బదులు గోరువెచ్చని చాక్లెట్ పోస్తారు. (చాక్లెట్ నాణ్యత గురించి ఆ ప్రతినిధి చాలాసేపు మాట్లాడాడు.)

రెండోది అనూక్ అనే ముప్పై అయిదేళ్ల మనిషి. ఇళ్లకు పలకరాతి కప్పులు వేయడం ఆమె వృత్తి. భర్త, ఇద్దరు ఆడపిల్లలు, ఒక ముసలి కుక్క ఆమె కుటుంబం. ఇల్లు చూడడానికి వచ్చిన రోజున ఆమె హాలు చూడలేదు, వంటిల్లు చూడలేదు. తిన్నగా కప్పు మీదికెక్కి ఇరవై నిమిషాలు అక్కడే ఉంది.

"ఈ కప్పు ఎవరు వేశారండీ?" అని దిగివచ్చాక అడిగింది.

"మా ఆవిడ."

"ఉత్తరం వైపు మూడో వరస ముందు తప్పుగా వేసి, విప్పేసి, మళ్లీ వేశారు. కదండీ?"

అది నాకూ తెలియదు. గడీ ఆ క్షణాన ఆమెదైపోయింది. ఇక చట్టం దృష్టిలో కావడమే మిగిలింది.

అయితే అనూక్ దంపతులకు బ్యాంకు ఇచ్చిన మాట నవంబరు పదో తేదీ సోమవారం వరకే చెల్లుతుంది. అది దాటితే బ్యాంకు కొత్తగా ఆలోచిస్తుంది. (బ్యాంకు కొత్తగా ఆలోచించి అవునన్న సందర్భం మా జిల్లాలో లేదు.) అప్పుడు వరసలో మిగిలేది చాక్లెట్.

మా దేశంలో ఇల్లు అమ్మేముందు దానికి రకరకాల పరీక్షలు చేయించాలి. గోడల్లోంచి వేడి ఎంత పోతుందో కొలవడానికి ఒక తనిఖీదారు పలక లాంటి యంత్రంతో వచ్చాడు.

"గోడ మందం ఎంతండీ?"

"మీటరు తొంభై."

"ఎనభై సెంటీమీటర్లు దాటితే ఇది తీసుకోదండీ."

"మరి మిగతా మీటరు పది?"

అతను యంత్రంలోని జాబితాను వేలితో కిందికి జరిపాడు. "అల్మరా కింద రాసుకుందాం."

ఆ విధంగా లా వెర్నూజ్ గడీకి నాలుగు వైపులా మీటరు పది సెంటీమీటర్ల లోతు అల్మరా ఉన్నట్టు ప్రభుత్వ రికార్డుల్లో నమోదైంది. బాణాలు వేసే కంతలు 'అద్దాలు లేని కిటికీలు, ముప్పై నాలుగు' అయ్యాయి. గుమ్మం పైన, శత్రువు నెత్తిన నూనె పోయడానికి వదిలిన రంధ్రం 'సహజమైన గాలి ప్రసరణ, తృప్తికరం' అయింది. గడీ మొత్తానికి వచ్చిన మార్కు అట్టడుగుది. బడిలో అలాంటి మార్కు వచ్చిన పిల్లల తల్లిదండ్రులను నేను పిలిపించేవాణ్ని. ఇక్కడ పిలిపించడానికి పధ్నాలుగో శతాబ్దం వాళ్లు అందుబాటులో లేరు.

ఇదంతా మామూలే. అసలు విషయం, ఇళ్ల రిజిస్ట్రేషన్లు చేసే నోటరీ దగ్గర మొదలైంది.

నోటరీ మదాం బ్రోషార్ జాగ్రత్త గల మనిషి. ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు చూస్తే చాలంటుంది చట్టం. ముప్పై ఏళ్ల దగ్గర ఆగడానికి మదాం బ్రోషార్ మనసు ఒప్పలేదు. ఒక దస్తావేజు పట్టుకుని దాని వెనకది, దాని వెనకది లాగుతూ జిల్లా రికార్డుల భాండాగారంలో 1387 దాకా వెళ్లింది. అక్టోబరు మొదటి వారంలో నన్ను పిలిపించింది.

"కూర్చోండి మాస్టారూ. మీ ఇంట్లో జనం ఉన్నారు."

"నేనొక్కణ్నే ఉన్నాను మదాం."

"ఉండే హక్కున్న జనం సంగతి చెబుతున్నానండీ." ఆమె ఒక నకలు నా ముందుకు జరిపింది. "1387లో లా వెర్నూజ్ దొర ఊరివాళ్లకు రాసిచ్చాడు. ఆంగ్లేయులు దండెత్తి వచ్చినప్పుడు ఊరిలోని ప్రతి మనిషీ తన పశువులతో, కుండలతో, పక్కబట్టలతో గడీ ఆవరణలో తలదాచుకోవచ్చు. దొర వాళ్లకు నిప్పూ నీళ్లూ ఇవ్వాలి. బదులుగా వాళ్లు రాత్రులు కాపలా కాయాలి, కందకం పూడిక తీయాలి."

"1789లో దొరల హక్కులన్నీ రద్దయ్యాయి కదండీ. ముప్పై నాలుగేళ్లు ఆ పాఠం నేనే చెప్పాను."

"సరిగ్గానే చెప్పారు. జనం మీద దొరకున్న హక్కులు రద్దయ్యాయి. కాపలా పోయింది, పూడిక పోయింది. దొర మీద జనానికున్న హక్కుల్ని ఎవరు రద్దు చేస్తారండీ? అందుకా విప్లవం చేసింది?"

ముప్పై నాలుగేళ్లలో ఏ విద్యార్థీ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. మంచి ప్రశ్న.

విరుగుడు కూడా ఆమే చెప్పింది. జనవరిలో ఖరారైన ఊరివాళ్ల పట్టికలో నలభై నాలుగు పేర్లున్నాయి. ఆ నలభై నలుగురూ ఆశ్రయపు హక్కును వదులుకుంటున్నట్టు విడుదల పత్రం మీద సంతకం చేయాలి. నేను కూడా చేయాలి. దొర స్థానంలో ఉండి అమ్ముతున్నప్పటికీ, ఊరివాడిగా నా ఇంట్లో నేను తలదాచుకునే హక్కు నాకింకా ఉంది. దాన్ని నాకు నేను వదిలిపెట్టాలి.

ఇది రెండు రోజుల పని అనుకున్నాను. ఊళ్లో సగం మందికి సంతకం పెట్టడం నేర్పింది నేనే కదా.

ముందు మారియుస్ గియొనే దగ్గరికి వెళ్లాను. నా పాత విద్యార్థి. ఇప్పుడు అరవై తెల్లావులకు యజమాని. దొడ్డి గేటు మీద మోచేతులానించి కాగితం మొత్తం చదివాడు.

"ఇదేం కాయితం మాస్టారూ?"

"శత్రువులొస్తే మా ఇంట్లో తలదాచుకునే హక్కు నీకుందట. అది వద్దని రాసివ్వాలి."

"నాకెందుకది? నాకక్కర్లా."

"అయితే సంతకం పెట్టు."

"అదెట్టా కుదురుద్ది? అక్కర్లేదని వదిలేస్తామా? ఇయ్యాల ఇది అక్కర్లేదంటారు. రేపు పింఛను అక్కర్లేదంటారు."

"పింఛనుకీ దీనికీ ఏమిటి సంబంధం, మారియుస్?"

"ఇట్టాగే మొదలవుద్ది మాస్టారూ." అతను కాగితాన్ని ఎంతో గౌరవంగా మడిచి నా చేతికిచ్చాడు. "మీరంటే నాకు ప్రాణం. కావాలంటే మీ సామానంతా నా బండిలో ఎక్కిస్తా. కానీ హక్కు మాత్రం అడక్కండి."

ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. మా దేశస్థుడిని ఇల్లు అడగవచ్చు, ట్రాక్టరు అడగవచ్చు, మర్యాదగా అడిగితే మూత్రపిండం కూడా ఇస్తాడేమో. సంపాదించుకున్న హక్కును మాత్రం అడగకూడదు. ఆరువందల ఏళ్లుగా ఎవరూ వాడని హక్కు, అడిగిన నాటి సాయంత్రానికి ప్రాణప్రదమైపోతుంది. ఆ సాయంత్రమే కాఫీ కొట్టు తలుపు మీద 'లా వెర్నూజ్ ఆశ్రయ హక్కుల పరిరక్షణ సంఘం' అని కాగితం అంటించారు. అధ్యక్షుడు మారియుస్. శుక్రవారానికి సంఘం రెండుగా చీలింది. ఒకటి పశువులతో ఆశ్రయం కోరే వర్గం, రెండోది పశువులు లేని ఆశ్రయం కోరే వర్గం.

మేయరు యూగెట్ పెరషోన్ సాయం చేస్తుందని ఆశపడ్డాను. ఆమెకు డెబ్బై మూడేళ్లు. సొలాంజ్‌కు స్నేహితురాలు. ఆమె కూడా నకలు తెప్పించుకుని చదివేసింది. దానికి 1569 నాటి అనుబంధం కూడా ఉందట. ఆవరణలో ఏ కుటుంబం ఎక్కడ కూర్చోవాలో అందులో ఉంది.

"మీ మీద నాకేం కోపం లేదు మాస్టారూ. కానీ మా పెరషోన్ వాళ్ల చోటు బావి పక్కన. ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. దాన్లోకి గియొనే వాళ్లు కాళ్లు చాపారని అప్పుడే ఫిర్యాదు ఉంది, చూడండి."

అదే సమయానికి మేయరు కార్యాలయంలోకి వచ్చిన మారియుస్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "మేం చాపలా. మీరే ముడుచుకున్నారు."

"నాలుగువందల యాభై ఏళ్లు ముడుచుకునే ఉన్నాం. ఇక చాలు!"

"అయితే లెగిసి బయటికి పోండి మేయరమ్మా. ఆంగ్లేయులు ఎదురు చూస్తన్నారు."

అడిగిన వెంటనే సంతకం పెట్టింది ఊరంతటికీ ఒకే ఒక్కడు. మిస్టర్ హాదర్‌సేజ్ పదకొండేళ్లుగా ఇక్కడ కోళ్లు పెంచుకుంటున్న ఆంగ్లేయుడు. మా భాషను మాకంటె వ్యాకరణబద్ధంగా మాట్లాడతాడు. సంతకంతోపాటు ఒక సీసా రేగుపళ్ల జామ్ కూడా ఇచ్చాడు. ఆయన పత్రాన్ని మదాం బ్రోషార్ తిప్పి పంపింది. దస్తావేజు ప్రకారం ఆంగ్లేయుడే ప్రమాదం గనుక, తననుంచి తాను తలదాచుకునే హక్కు ఆయనకు మొదటినుంచీ లేదు. లేనిదాన్ని వదులుకోవడం చెల్లదు.

"అట్లయిన నేను గడీకి రాకూడదా?" అని హాదర్‌సేజ్ బాధపడ్డాడు.

"రావచ్చు ముస్యూ," అంది నోటరీ. "మీరు రావడమే కదా మొత్తం సమస్య."

ఇలా నలభై నాలుగు కాస్తా నలభై మూడయింది. ఒక నెలలో నేను సాధించిన ప్రగతి అదొక్కటే.

చివరికి మదాం బ్రోషార్ జిల్లా కార్యాలయానికి రాసింది. అక్కడ 'ప్రాచీన ఆశ్రయాల సమన్వయ విభాగం' ఒకటి ఉందని మాకెవరికీ తెలియదు. దాని అధికారి ముస్యూ ట్రెమోలె స్వయంగా వచ్చాడు. (విభాగంలో ఆయన తప్ప ఇంకెవరూ లేరు. సహాయకుడి పోస్టు 1974 నుంచి ఖాళీ.) సన్నటి మనిషి, మృదువుగా మాట్లాడతాడు. బూట్లకు బురద అంటితే క్షమాపణ చెప్పుకున్నాడు.

ఆయన గడీ చుట్టూ తిరిగి రెండు నిర్ణయాలు ప్రకటించాడు. మొదటిది, ఇది జనాన్ని చేర్చుకునే స్థలం కాబట్టి ప్రమాదం వస్తే బయటపడే దారి చూపించాలి. గేటు ఒకటే ఉంది కాబట్టి దాని లోపలివైపున పరుగెత్తే మనిషి బొమ్మతో ఆకుపచ్చ దీపం బిగించాడు.

"మంటలొస్తే అటు పోవాలి, సరే," అన్నాను. "శత్రువు వచ్చేదీ అటునుంచే కదండీ?"

"అప్పుడు దీపం మీద గుడ్డ కప్పాలి." ఆయన సంచిలోంచి గుడ్డ కూడా తీసి ఇచ్చాడు. దాని మీద ప్రభుత్వ ముద్ర ఉంది.

రెండో నిర్ణయం ముఖ్యమైనది. తెలియని హక్కును వదులుకోవడం చెల్లదు. ఎవరైనా ఒక హక్కును తెలిసి వదులుకోవాలంటే, దాన్ని కనీసం ఒక్కసారి అనుభవించి ఉండాలి. కాబట్టి ఊరు మొత్తం ఒకసారి గడీలో ఆశ్రయం పొందాలి. పట్టికలోని అందరి హాజరూ నమోదు కావాలి. ఒక్క పేరు తేలకపోయినా మొత్తం చెల్లదు. ఆ తరువాతే సంతకాలు. నవంబరు ఎనిమిది, శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు ముహూర్తం పెట్టాడు. మిగిలేది ఒక్క ఆదివారం.

"ముప్పు లేకుండా ఆశ్రయం ఉండదు," అని కూడా అన్నాడు. "దస్తావేజులో ఉన్న రకం ముప్పే కావాలి. మీ ఊళ్లో ఎవరైనా ఉన్నారా?"

అందరూ ఒకేసారి హాదర్‌సేజ్ ఇంటి వైపు చూశారు.

శనివారం రెండింటికి గంట మోగింది. సన్నగా వాన పడుతోంది. సంఘం రెండు వర్గాలూ వచ్చాయి. మారియుస్ రెండు ఆవులను తోలుకొచ్చాడు. మిగతా యాభై ఎనిమిదింటికీ హక్కుందనీ, ఉదారంగా వాటిని ఇంటి దగ్గర వదిలి వచ్చాననీ నమోదు చేయించాడు. కుండలు తేవాలని దస్తావేజులో ఉంది గనుక అందరూ కుండలు తెచ్చారు. ఖాళీ కుండ మోయడం మా ప్రాంతంలో అలవాటు లేదు గనుక వాటిలో పంది మాంసం వేసిన చిక్కుడుగింజల సూపు, ఉల్లికాడల కూర, చీజు ఉండలు ఉన్నాయి. ఎర్ర వైన్ పక్కబట్టల్లో చుట్టి తెచ్చారు.

ఆవరణలో పశువుల చావడి కింద, బావి చుట్టూ, ట్రెమోలె సుద్దతో గీతలు గీసి ఒక్కొక్క చోటులో ఒక్కొక్క పేరు రాశాడు. నేను నీళ్లు మోస్తున్నాను గనుక అవన్నీ చూడలేదు.

"దొరా! నిప్పేదీ?" అని అరిచాడు మారియుస్.

"నన్నలా పిలవకు."

"ఇయ్యాల కాయితంలో అట్టాగే ఉంది మాస్టారూ. ఏంటీ దొరతనం, జనం చలికి చస్తంటే?"

హాల్లోని పెద్ద పొయ్యి దగ్గరికి వెళ్లి పుల్లలు పేర్చాను. అవి అంటుకోలేదు. అనూక్ పరిశీలకురాలి హోదాలో వచ్చి ఉంది. నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని చిమ్నీలోకి తొంగి చూసింది.

"ఎన్నాళ్లయిందండీ వెలిగించి?"

"ఏప్రిల్ నుంచి వెలిగించలేదు."

ఆమె ఒక కాగితం వెలిగించి చిమ్నీ గొంతులో పట్టుకుని, లోపలి చల్లగాలిని కదిలించింది. రెండుసార్లు పొగ వెనక్కి కొట్టింది. మూడోసారి పొయ్యి అందుకుంది. ఆమె పెద్దకూతురు తన తడి మేజోళ్లు విప్పి, ఎవరినీ అడగకుండా, పొయ్యి రాయి మీద ఆరేసింది.

బయట హాదర్‌సేజ్ గొడుగుతో కందకం అవతల నిలబడి ఉన్నాడు. "క్షమించవలెను! నేను ఏ దిక్కు నుండి దాడి చేయవలెను?" అని కేకవేశాడు. గేటు వైపు నుంచి చేయమని ట్రెమోలె చెప్పాడు. ఆయన వచ్చి గేటు తట్టాడు. ఎవరూ తీయలేదు. "మన్నించండి," అని నాలుగడుగులు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. మేం దీపం మీద గుడ్డ కప్పాం. ముట్టడి మొదలైంది.

మొదటి అరగంట పండగలా గడిచింది. రెండో అరగంటలో వాన పెరిగింది. జనం చావడి కింద ఒకరి మీద ఒకరు పడ్డారు. యూగెట్ చోటులోకి మారియుస్ బూటు రెండంగుళాలు వచ్చింది. ఆమె అధికారిని పిలిచి కొలిపించింది. ఒక ఆవు ఉల్లికాడల కూర తినేసింది. మూడు గంటలకు పశువుల వర్గంలోంచి నలుగురు పశువులు లేని వర్గంలోకి మారిపోయారు.

"ఇది ఎప్పుడైపోతుందండీ?" అని యూగెట్ అడిగింది.

"శత్రువు ముట్టడి ఎత్తేసినట్టు రాసి ఇవ్వాలి మదాం."

"మరి ఇవ్వడేం?"

గోడ మీది నుంచి అడిగాం. లోపలివాళ్లు చెప్పకముందే వెళ్లిపోతే బాగుండదని తాను ఆగానని హాదర్‌సేజ్ జవాబిచ్చాడు. ఆయన తడిసి ముద్దయి ఉన్నాడు. ఎవరో బుట్టకు తాడు కట్టి, సహజమైన గాలి ప్రసరణ రంధ్రంలోంచి ఒక గిన్నె సూపు కిందికి దించారు. తిరిగి వచ్చిన బుట్టలో కాగితం ఉంది: "ఇందుమూలముగా ముట్టడిని విరమించుచున్నాను. సూపునకు కృతజ్ఞతలు. ఉప్పు సరిపోయినది."

ట్రెమోలె దాని మీద ముద్ర వేశాడు. గేటు తీసి శత్రువును పొయ్యి దగ్గర కూర్చోబెట్టాం.

ఇక సంతకాలు. నాకు అందరికంటే భయం మారియుస్ గురించే. అతను టోపీ తీసి నీళ్లు దులిపాడు.

"మన హక్కు మనం వాడుకున్నాం," అని సంఘాన్ని ఉద్దేశించి మాట్లాడాడు. "వాడకుండా ఇచ్చేస్తే అది ఓటమి. వాడుకుని ఇచ్చేస్తే అది..." మాట కోసం వెతుక్కున్నాడు. "అది ఇచ్చెయ్యడం. అంతే. ఇంకోసారి నన్ను ఈ చావడి కింద కూకోమంటే మటుకు సమ్మె చేస్తా."

సంఘం ఏకగ్రీవంగా ఆమోదించి, తనను తాను రద్దు చేసుకుంది.

ట్రెమోలె బావి పక్కన నిలబడి ఇంటిపేర్ల వరసలో హాజరు పిలవడం మొదలుపెట్టాడు. పిలిచినవాళ్లు "ఉన్నాను" అని వచ్చి సంతకం పెట్టి వెళుతున్నారు. గియొనే, మారియుస్. ఉన్నాను. పెరషోన్, యూగెట్. ఉన్నాను. నలభై రెండో పేరు నాది.

"వెర్దియే, ఒనొరే."

"ఉన్నాను," అని సంతకం పెట్టాను.

"వెర్దియే, సొలాంజ్."

వాన పడుతూనే ఉంది. మారియుస్ తన ఆవు మెడతాడు సరిచేశాడు.

"వెర్దియే సొలాంజ్ గారు లోపలున్నారా?" అని ట్రెమోలె మళ్లీ అడిగాడు.

చావడి చివర, పొయ్యి గోడకు ఆనుకుని, సుద్దగీతల మధ్య ఒక చోటు ఖాళీగా ఉంది. రెండు గంటలపాటు అంగుళాల కోసం కొట్టుకున్న జనం, ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకున్న జనం, అందులోకి ఒక్కరూ అడుగు పెట్టలేదు. సుద్దతో రాసిన పేరు చెరగలేదు.

యూగెట్ ముందుకొచ్చింది. "అది జనవరి పట్టికండీ. ఆవిడ ఏప్రిల్‌లో పోయారు." కోటు లోపలి జేబులోంచి, సొలాంజ్ పేరున వచ్చిన విడుదల పత్రం మడతపెట్టి ఉన్నది తీసింది. అది నెల నుంచి ఆమె దగ్గరే ఉందన్నమాట. నా వైపు తిరిగి, "మీకు ఇవ్వబుద్ధి కాలేదు మాస్టారూ," అంది.

ట్రెమోలె టోపీ తీశాడు. ఆయన చెడ్డవాడు కాదు.

"పట్టిక జనవరి దాకా మార్చలేనండీ," అన్నాడు చివరికి. "ఒక్క పేరు తేలకపోయినా మిగతా నలభై రెండూ చెల్లవు. సోమవారం మీ రిజిస్ట్రేషన్ జరగదు." నిబంధనల పుస్తకం తెరిచి, తడి వేళ్లతో చాలా పుటలు తిప్పాడు. "ఒక దారుంది. రాలేకపోయినవాళ్ల తరఫున ఇంట్లోవాళ్లు సంతకం చేయవచ్చు. ఈ వరసలో 'గైర్హాజరు' అని రాసి, కారణం సమంజసమో అసమంజసమో చెప్పాలి. ఏదో ఒకటి కొట్టేయాలండీ."

"రెంటికీ తేడా ఏమిటి?"

"సమంజసం అంటే రుజువు జతచేయాలి. ఆసుపత్రి నుంచి, మా విభాగం నమూనాలో. ఆరు వారాలు పడుతుంది." ఆయన నా ముఖం వైపు చూడకుండా కలం చాపాడు. "అసమంజసం అంటే ఏమీ జతచేయక్కర్లేదు."

నేనొక మాట కొట్టేసి సంతకం పెట్టాను. అనూక్ గొడుగు పట్టింది, కాగితం తడవకుండా.

సోమవారం ఉదయం పదింటికి నోటరీ కార్యాలయంలో అందరం కూర్చున్నాం. చట్టప్రకారం నోటరీ దస్తావేజు మొత్తం పైకి చదివి వినిపించాలి. మదాం బ్రోషార్ ఒక్క వాక్యం కూడా వదలదు. అల్మరాలు చదివింది. ముప్పై నాలుగు కిటికీలు చదివింది. అనూక్ భర్త ఒక కునుకు తీశాడు. పిల్లలు బల్ల కింద కుక్కతో ఆడుకుంటున్నారు. పదకొండున్నరకు అనుబంధం దగ్గరికి వచ్చింది. నలభై మూడు పేర్లు, ఒక్కొక్కటీ.

"నలభై మూడు. వెర్దియే, సొలాంజ్," అని చదివింది. "గైర్హాజరు. కారణం అసమంజసం."

ఆమె కళ్లజోడు పైనుంచి, చట్టం కోరిన విధంగా, మా అందరి వైపూ వరసగా చూసి, దీనిపై ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగింది.

ఎవరికీ లేదు.